కోచ్ మేడమ్‌కు ఒడి బియ్యం

బుధవారం పొద్దున నిద్రలేచేసరికే జ్ఞానేశ్వర్ ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. ఆదివారం కోచ్ మేడమ్‌ను ఇంటికి భోజనానికి పిలవాలి. కడుపు నిండా పెట్టాలి. శాలువా కప్పాలి. ఆమె తిరిగి వెళ్లడానికి స్కూటీ దగ్గరికి నడుస్తున్నప్పుడు తాను కూడా వెనకే నడుస్తూ, రేపటి నుంచి రానక్కర లేదమ్మా అని మెల్లగా చెప్పేయాలి. పాము చావాలి, కర్ర విరగకూడదు. మనిషిని ఇంతకన్నా మర్యాదగా పనిలోంచి తీసేసే పద్ధతి చేవెళ్లలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని ఆయన గట్టి నమ్మకం.

ఆయన చేవెళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడు. అంతకుముందు రెండుసార్లు ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. పోటీ లేని పదవి ఏదైనా ఉందా అని చూస్తుంటే ఇది దొరికింది. మనిషి మంచివాడు. చిక్కంతా ఆ మంచితనంతోనే వచ్చింది. ఎవరినీ మొహం మీద ఒక మాట అనలేడు. ట్రాక్టర్ డ్రైవర్ సత్తయ్యను మానిపించాలని ఎన్నిసార్లు పిలిపించాడో, అన్నిసార్లూ అతని కష్టసుఖాలు విని, క్లబ్బు గ్రౌండు పక్కనున్న తన తోటలో కాసిన వంకాయలు సంచిలో పోసి పంపించాడు. సత్తయ్య ఇప్పటికీ ఆ ట్రాక్టరే నడుపుతున్నాడు.

ఈసారి మాత్రం తప్పేట్టు లేదు. జట్టు ఒక మ్యాచ్ ఓడితే ఖర్మ అనుకోవచ్చు, రెండు ఓడితే ఎండ అనుకోవచ్చు. ఈ ఏడు ఆడిన ప్రతి మ్యాచూ ఓడితే జనం అనుకోవడం మానేసి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఆ మాట్లాడుకునే చోటు చౌరస్తాలోని పరమేష్ హోటల్. ఎన్నికలప్పుడు ఎవరికి టికెట్ వస్తుందో, ఎవరు పార్టీ మారతారో అక్కడే తేలుతుంది. ఎన్నికలు లేని రోజుల్లో ఆ మేధావులందరూ ఖాళీగా ఉండలేక కోచ్ మీద పడ్డారు. తీసేస్తారా, ఉంచుతారా, తీసేస్తే ఎప్పుడు, ఎవరి చేత చెప్పిస్తారు అని చాయ్ చల్లారేదాకా చర్చ.

కమిటీలో అందరికన్నా గొంతు పెద్దది కిరాణా వ్యాపారి కృష్ణయ్యది. "అన్నా, అమ్ముడుపోని సరుకు ముంగట పెట్టుకొని ఎన్నొద్దులు కూసుంటం? మార్చాలె," అని మంగళవారం మీటింగులో తేల్చేశాడు. మిగిలినవాళ్లు తలలూపారు. ఆదివారం మొయినాబాద్‌తో మ్యాచ్ కూడా అయిపోనిచ్చి, అదే రోజు ఆమెకు చెప్పేయాలని తీర్మానించారు. చెప్పే పని మాత్రం అందరూ కలిసి అధ్యక్షుడికే వదిలిపెట్టారు.

ఇక ఆ సరుకు సంగతి చెప్పుకోవాలి. కోచ్ పేరు మనోజ్ఞ. అత్తగారిల్లు కొండకల్. తెల్లవారుతుండగానే అక్కడి నుంచి స్కూటీ మీద శంకర్‌పల్లి మీదుగా చేవెళ్ల వచ్చేది. వాన వచ్చినా, చలి కొరికినా పిల్లలకన్నా ముందు గ్రౌండులో ఉండేది. ఆమె వచ్చిన కొత్తలో మన పిల్లలు బంతి వస్తుంటే వీపు తిప్పుకునేవాళ్లు. పక్కనున్న పిల్లను పేరు పెట్టి పిలవాలంటే సిగ్గుపడి దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పేవాళ్లు. మనోజ్ఞ మొదట్లో చాలా రోజులు బంతి ముట్టనివ్వలేదు. గ్రౌండుకు ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని నిలబెట్టి ఒకరి పేరు ఒకరి చేత అరిపించింది, అంతే. ఆడపిల్లల గొంతు బయటికి వినపడకూడదని నూరిపోసిన ఊళ్లలో అది చిన్న పని కాదు. ఇప్పుడు కెప్టెన్ స్నిగ్ధ అరిస్తే రోడ్డు మీద ఆటోలు ఆగుతున్నాయి. పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, మోకాలి మీద రక్తం తుడుచుకుని మళ్లీ పరుగెడుతున్నారు. గెలవడం ఒక్కటే ఇంకా పట్టుబడలేదు. హోటల్లో మాత్రం ఆ ఒక్కదాని గురించే మాట్లాడుకునేవాళ్లు.

జ్ఞానేశ్వర్ చాయ్ గ్లాసులోకి చూస్తూ భార్యతో అన్నాడు. "ఆదివారం మన కోచ్ మేడమ్ భోజనానికి వస్తది. జర మంచిగ మర్యాద చేసి పంపాలె."

నిర్మలమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆమె పెనిమిటిని గూడ పిలుద్దమా?"

"ఆయనెందుకు?" అన్నాడు కానీ, మాట చెప్పాక ఆమె ఏడిస్తే ఓదార్చడానికి ఒక మనిషి ఉండటం మంచిదే అనిపించింది. "సరే, పిలువు. ఆయన పక్కకుంటేనే మంచిది."

తీసేస్తున్న సంగతి మాత్రం చెప్పలేదు. నిర్మలమ్మకు మనోజ్ఞ అంటే ప్రాణం. చెబితే ఆ పూట అన్నం దొరుకుతుందో లేదో అనుమానమే. అందుకని మింగలేక కక్కలేక ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్న ఆ కాస్త సందులోనే కథంతా నడిచింది.

నిర్మలమ్మకు ఇద్దరూ మగపిల్లలే. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక మనోజ్ఞ ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో మాటగా తన తల్లి పోయిన సంగతి, అన్నదమ్ములు కొట్లాడుకుని ఎవరూ తనను పిలవని సంగతి చెప్పింది. "ఒడి బియ్యం పోసుకోక ఎన్నేండ్లయ్యిందో గూడ యాది లేదమ్మా," అని నవ్వింది. ఆ నవ్వు నిర్మలమ్మ మనసులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు భర్త తనంతట తానే మంచిగా మర్యాద చేసి పంపాలన్నాడు. భార్యాభర్తలిద్దరూ వస్తున్నారు. ఇంకేం కావాలి? ఆదివారం మనోజ్ఞకు తన ఇంట్లోనే ఒడి బియ్యం పోయాలని నిశ్చయించుకుంది.

పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పిలిపించి, భర్తతో కలిపి పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి అత్తగారింటికి పంపుతారు. ఈ ఇల్లు ఎప్పటికీ నీదే, మళ్లీ రా అని చెప్పడం అందులోని అర్థం. అయితే ఆ తంతు ముగిసేది మాత్రం ఆమె మూట కట్టుకుని వెళ్లిపోవడంతోనే. మన హోటల్ మేధావులు అర్థాన్ని వదిలేసి మూటను పట్టుకున్నారు.

నిర్మలమ్మ ముత్తైదువలు కావాలని అయిదుగురికి ఫోన్ చేసింది. ఆ అయిదుగురూ ఇంట్లో చెప్పారు. మరునాడు పొద్దున ఆ ఇళ్ల మగవాళ్లు చాయ్‌కి హోటల్‌కు వచ్చారు.

"ఇగ అయిపోయింది. మేడమ్‌ను తీసేసిన్రు," అన్నాడు పరమేష్ చాయ్ వడకడుతూ.

"ఎట్ల చెప్తున్నవ్?"

"ఆదివారం జ్ఞానేశ్వరన్న ఇంట్ల ఒడి బియ్యం పోస్తున్నరంట. ఒడి బియ్యం పోసినంక ఆడిబిడ్డ పుట్టింట్ల ఉంటదా? మూట కట్టుకొని పోవుడే గద!"

అందరూ ఔనన్నారు. మూలన కూర్చున్న ఒకాయన మాత్రం, "మేము పోయిన దసరాకు మా చెల్లెకు పోసినం. ఇంక మా ఇంట్లనే ఉన్నది," అన్నాడు.

"మీ చెల్లె ముచ్చట వేరే," అని పరమేష్ ఆ వాదాన్ని అక్కడికక్కడే కొట్టిపారేశాడు.

అంతలో జ్ఞానేశ్వర్ వచ్చాడు. కృష్ణయ్య లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నీ తెలివికి దండం పెట్టాలె. మనిషిని తీసేసుడు గూడ ఇంత శుభంగ చెయ్యొచ్చని నాకు తెల్వకపాయె."

శాలువా సంగతి ఇతనికెలా తెలిసిందా అనుకుంటూనే జ్ఞానేశ్వర్ లోపల్లోపల పొంగిపోయాడు. "ఏదో మన మర్యాద మనది గద కృష్ణయ్యా."

"బియ్యం నా దుకాణంలకెళ్లి పంపుత. సన్నయి."

"బియ్యమెందుకు?"

"ఒడిల ఏం పోస్తరన్నా మరి?"

జ్ఞానేశ్వర్‌కు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చాయ్ తాగకుండానే ఇంటికి పరుగెత్తాడు. ఎలాగైనా ఆపించాలి. ఒకచేత్తో ఒడి బియ్యం పోసి, ఇంకో చేత్తో ఉద్యోగం ఊడబెరికితే ఊళ్లో మొహం ఎలా చూపించడం? తీరా వెళ్లేసరికి నిర్మలమ్మ మంచం మీద కొత్త చీర పరిచి, అంచు మీద చెయ్యి వేసి నిమురుతోంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"చూడుండ్రి, ఈ రంగు ఆమెకు మంచిగుంటది గద? మనకు ఆడిపిల్ల లేకపాయె. ఈ మురిపెం ఇన్నేండ్లకు తీరుతున్నది. మీకు గూడ గిదే ఆలోచన వచ్చిందంటే నాకెంత సంబురమైందో!"

జ్ఞానేశ్వర్ నోరు తెరిచాడు. "మంచిగున్నది," అన్నాడు. నోరు మూసుకున్నాడు.

ఆ తరువాత మూడు రోజులూ ఆయన చెప్పాలనే తిరిగాడు. భార్య పసుపు దంచుతుంటే చెబుదామని వెళ్లి రోకలి అందుకుని తానే నాలుగు పోట్లు వేసి వచ్చాడు. రవికె గుడ్డలు కొంటుంటే చెబుదామని వెళ్లి సంచి మోసుకుని వచ్చాడు. చివరికి ఒక సమాధానం చెప్పుకున్నాడు. బియ్యం పోయడం లోపల జరుగుతుంది. తాను చెప్పేది బయట, స్కూటీ దగ్గర. రెండింటికీ మధ్య గడప ఉంది కదా!

ఈలోగా వార్త పిల్లలకు చేరింది. శుక్రవారం ప్రాక్టీసులో గోల్‌కీపర్ కావ్య గోల్‌పోస్టును పట్టుకుని ఏడ్చింది. మిగతావాళ్లు ఆమెను చూసి ఏడ్చారు. మనోజ్ఞకు విషయం తెలియక కాదు. స్కూటీలో పెట్రోలు పోయించుకునే చోట కూడా ఇద్దరు ఆమెకు వీడ్కోలు చెప్పారు. పైగా నిర్మలమ్మ ఫోన్ చేసి, "నీ పెనిమిటితోని రా బిడ్డా, మంచిగ పంపుతం," అని చెప్పనే చెప్పింది. అయినా ఆమె ఈల వేసి అందరినీ దగ్గరికి పిలిచింది.

"మ్యాచ్ అయిందాక ఏడ్చుడు బంద్. కండ్లల్ల నీళ్లుంటే బంతి కనబడది. ఊ, ఉరుకుండ్రి," అంది. పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూనే ఉరికారు. తాను పోతానని తెలిసిన మనిషి ఇంకా ఎడమకాలితో ఎలా తన్నాలో ఓపికగా చూపిస్తూనే ఉంది.

ఇంటికి వెళ్లిన స్నిగ్ధ తిండి మానేసి మూలన కూర్చుంది. వాళ్ల నాయనమ్మ శంకరమ్మ పక్క ఊరు ఆలూరులో పేరున్న మనిషి. ఏ పెళ్లిలో ఏ పద్ధతి తప్పినా ఆమె ఒప్పుకోదు. మనవరాలి గోడు అంతా విని ఆమె దవడ కింద చెయ్యి పెట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా, ఒడి బియ్యం ఎవరు పోస్తరే?"

"పుట్టింటోళ్లు."

"మరి పుట్టింటోళ్లు బిడ్డను ఎల్లగొడ్తరా? ఎవలెవలు పోస్తరో వాళ్లందరు పుట్టింటోళ్లే అయితరు. ఐదుగురు పోస్తే ఐదిండ్లు. ఊరంత పోస్తే ఊరంత పుట్టినిల్లే. గా కమిటీల ఉన్నోళ్లకు పెండ్లాలు లేరా?"

స్నిగ్ధ లేచి అన్నం తింది. తిన్నాక ఫోన్ అందుకుంది. గ్రౌండులో మనోజ్ఞ నేర్పిన గొంతు ఆ సాయంత్రం చేవెళ్ల, ఆలూరు ఇళ్లన్నింటికీ వినపడింది. శనివారం కృష్ణయ్య దుకాణంలో కుడుకలు, పోకలు, ఖర్జూరాలు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి. ఏ పండుగ వచ్చిందో ఆయన అడగలేదు. గిరాకీ తగిలినప్పుడు కారణం అడగడం వ్యాపారికి అలవాటు లేదు. ఇంట్లో ఆయన భార్య కూడా దోసెడు బియ్యానికి పసుపు పట్టించి, మూత పెట్టి దాచింది.

ఆదివారం పొద్దున మొయినాబాద్‌లో మ్యాచ్. మొయినాబాద్ క్లబ్బుకు అధ్యక్షుడు జైపాల్. నిర్మలమ్మకు సొంత తమ్ముడు, జ్ఞానేశ్వర్‌కు బామ్మర్ది. బావాబామ్మర్దులు ఒకరింట్లో ఒకరు తింటారు, ఒకరి జట్టు ఓడితే ఇంకొకరు స్వీట్లు పంచుతారు. ఆ రోజు చేవెళ్ల పిల్లలు ఆడిన ఆట చూసి జైపాల్ స్వీట్ల సంగతే మరిచిపోయాడు. ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ, బంతి పోతే కలబడి మళ్లీ తెచ్చుకుంటూ, మొయినాబాద్ పిల్లలను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. కావ్య అయితే బంతికి ఎదురు దూకింది, ముఖానికి తగిలినా కదల్లేదు. అంతా చేసి, ఆట ముగియబోతుండగా ఒక గోల్ ఇచ్చి ఓడిపోయారు.

మనోజ్ఞ గ్రౌండులోకి వెళ్లి కావ్యను లేపి నిలబెట్టింది. "ఇంత మంచిగ మీరెప్పుడు ఆడలే. నిజం చెప్తున్న," అంది. అందరి చేతా అవతలి పిల్లలకు చేతులు కలిపించింది. గెలిచిన జట్టు కోచ్ తన పిల్లలను తిడుతున్నాడు. ఓడిన జట్టు కోచ్ తన పిల్లల తలలు నిమురుతోంది. జైపాల్ ఆ రెండు దృశ్యాలూ చూశాడు. అక్క ఫోన్ చేసి చెప్పిన ఒడి బియ్యం సంగతి, దాని మీద పరమేష్ హోటల్ వ్యాఖ్యానం కూడా ఆయనకు అప్పటికే తెలుసు. నేరుగా కారెక్కి శాలువాల దుకాణానికి వెళ్లాడు.

మధ్యాహ్నం జ్ఞానేశ్వర్ తన శాలువా చంకలో పెట్టుకుని ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పులు కుప్పపడి ఉన్నాయి. పిలిచింది అయిదుగురిని. వచ్చినవాళ్లను లెక్కపెట్టడం ఎవరి వల్లా కాలేదు. జట్టులోని పిల్లలందరి తల్లులు, అమ్మమ్మలు, మేనత్తలు, కమిటీ సభ్యుల భార్యలు, అందరి చేతుల్లోనూ పసుపు బియ్యం గిన్నెలు. మధ్యలో శంకరమ్మ కూర్చుని వరసలు చెబుతోంది. కమిటీవాళ్లు ఒక పక్కన చేరి, తమ అధ్యక్షుడు ఎంత ఘనంగా సాగనంపుతున్నాడో అని మెచ్చుకుంటున్నారు. జ్ఞానేశ్వర్ నుదుట చెమట తుడుచుకున్నాడు. చేతిలో ఉన్నది శాలువా అని తుడుచుకున్నాక చూసుకున్నాడు.

మనోజ్ఞను, ఆమె భర్త ప్రవీణ్‌ను పీటల మీద కూర్చోబెట్టారు. నిర్మలమ్మ కొత్త చీర పెట్టి, బొట్టు పెట్టి, మొదటి దోసిలి పోసింది. తరువాత ఒకరి వెంట ఒకరు. ఒడి నిండింది. వరస మాత్రం ఇంకా గడప అవతలి దాకా ఉంది. ప్రవీణ్ తువ్వాల పరిచాడు. అదీ నిండింది. కావ్య పరుగెత్తుకెళ్లి బంతుల సంచి తెచ్చి, బంతులు వాకిట్లో దొర్లించి, బియ్యం కారకుండా సంచిలో మందపాటి గుడ్డ వేసి పట్టుకుంది. బియ్యం అందులోకి పోయసాగారు. కృష్ణయ్య భార్య వచ్చి పోస్తుంటే కృష్ణయ్య నోరు తెరిచి చూశాడు. తన సన్నబియ్యాన్ని ఆయన దూరం నుంచే గుర్తుపట్టాడు.

"మీరు గూడ పొయ్యుండ్రి. తండ్రి వరుస," అని నిర్మలమ్మ భర్తను ముందుకు తోసింది.

జ్ఞానేశ్వర్ దోసిట్లో బియ్యం ఎత్తాడు. మనోజ్ఞ తలెత్తి చూసింది. ఏడవకూడదని అంతసేపూ బిగపట్టుకున్న మనిషి.

"ఇంత గౌరవంగ పంపుతరని అనుకోలే సర్. మా అమ్మ పోయినంక నాకెవ్వరు పొయ్యలే. నేను పోతా, ఫికర్ లేదు. కని పిల్లల ఆట మాత్రం బంద్ పెట్టకుండ్రి. ఆడామె నేర్పుతున్నదనే వీళ్ల ఇండ్లల్ల పంపుతున్నరు. మీరు జర ఇంకో ఆడ కోచ్‌నే తెండ్రి. గంతే."

జ్ఞానేశ్వర్ చేతిలోని బియ్యం కింద పడిపోయింది.

"ఎక్కడికి పోతవ్ బిడ్డా?" అంది నిర్మలమ్మ.

"తీసేసిన్రు గదమ్మా. మీకు తెల్వదా?"

నిర్మలమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన చంకలోని శాలువాను చూసింది. ఆయన మొహం చూసింది. ఇక ఎవరూ ఆమెకు ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

"ఎందుకు తీసేసిన్రు?"

"అంటే, మ్యాచ్‌లు ఓడిపోతున్నరని కమిటీ..."

"మీరు రెండు ఎలక్షన్లు ఓడిన్రు. నేను మిమ్ములను ఇంట్లకెళ్లి తీసేసిన్నా?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. జ్ఞానేశ్వర్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. భూమి చీలలేదు కానీ గేటు తెరుచుకుంది. ఒక చేతిలో బొకే, ఇంకో చేతిలో పట్టు అంచు శాలువాతో జైపాల్ లోపలికి వచ్చాడు.

"మేడమ్, మీరు పోవాల్సింది కొండకల్ కాదు, మొయినాబాద్. రేపటి నుంచి మా పిల్లలకు మీరే కోచ్," అని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"నువ్వు తీసేసినవ్, నేను తీసుకుంటున్న. నీకేం నొప్పి బావా? అసలు నువ్వు నీ గ్రౌండ్ దిక్కు ఎన్నడన్న చూసినవా? నీ చామంతి మడి జరుక్కుంట జరుక్కుంట వచ్చి గోల్‌పోస్టు కాడ ఆగింది. మీ పిల్లలు సగం గ్రౌండ్‌ల నేర్చుకొని వచ్చి మా పూరా గ్రౌండ్‌ల ఆడిన్రు. అందుకే ఆఖర్ల ఆగమైతున్నరు. అయినా ఇయ్యాల మా పిల్లలకు నాలుకలు బయటికొచ్చినయి. గిసుంటి మనిషిని వదులుకుంటరా ఎవరన్న? మేడమ్, ఇన్నొద్దులు ఒక్క మాటన్న అడగలే ఆ మడి గురించి?"

"అడిగిన. పూలు కోసినంక చూద్దమన్నరు. చామంతి తరువాత మళ్ల చామంతే పెట్టిన్రు," అంది మనోజ్ఞ మెల్లగా.

అందరూ జ్ఞానేశ్వర్ వైపు చూశారు. ఆయనకు నిజంగా సిగ్గేసింది. మంచివాళ్లకు సిగ్గు వేయడం అంటే చిన్న విషయం కాదు, వెంటనే ఏదో ఒకటి చేసేస్తారు. పైగా ఎదురుగా నవ్వుతూ నిలబడినవాడు బామ్మర్ది. రెండు ఎన్నికల్లోనూ రాని గొంతు ఆయనకు అప్పుడు వచ్చింది.

"శాలువా ఎన్కకు తీస్కపో జైపాల్! మా ఆడిబిడ్డను మా వాకిట్ల నిలబడి అడుగుతవా? ఆమెను ఎవరు తీసేసిన్రు? ఏం కృష్ణయ్యా, మనం తీసేసినమా?"

కృష్ణయ్య కమిటీ వైపు చూశాడు. కమిటీ భార్యల వైపు చూసింది. భార్యలందరి అరచేతులూ పసుపు పచ్చగా ఉన్నాయి. ఒక్కసారి ఒడిలో బియ్యం పోసిన చెయ్యి సాయంత్రం ఇంట్లో ఏం చేయగలదో పెళ్లయిన ప్రతి మగవాడికీ తెలుసు.

"లే అన్నా. గా మాట ఎవడన్నడు?" అన్నాడు కృష్ణయ్య.

పిల్లలు అరిచిన అరుపుకు వాకిట్లోని కోళ్లు గోడెక్కాయి. స్నిగ్ధ కోచ్ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. జైపాల్ తెచ్చిన శాలువాను వృథా పోనివ్వకుండా అక్కకు కప్పి, భోజనానికి కూర్చున్నాడు. శంకరమ్మ మాత్రం ఇంకా పీట వదల్లేదు.

"పద్ధతి పూర కాలే. పసుపు కుంకుమ కింద బిడ్డకేమన్న ఇయ్యాలె. అడుగు బిడ్డా," అంది.

మనోజ్ఞ కళ్లు తుడుచుకుంది. బంతుల సంచి మూతి ముడి వేసింది. తరువాత జ్ఞానేశ్వర్‌ను సూటిగా చూసింది. ఆ చూపు గ్రౌండులో పిల్లలకు బాగా తెలుసు. ఇంకో రౌండు ఉరకమని చెప్పే ముందు చూసే చూపు అది.

"చామంతి మడి ఇయ్యుండ్రి బాపూ."

బతుకమ్మ పండుగ దగ్గరికొస్తోంది. మడి నిండా మొగ్గ విరిసి ఉంది. "పూలు కోసుకున్నంక..." జ్ఞానేశ్వర్ అనబోయాడు.

"ఇయ్యాల్నే," అంది నిర్మలమ్మ.

భోజనాలు కాగానే పిల్లలందరూ మడిలోకి దిగారు. సాయంత్రానికి చేవెళ్లలో చామంతులు లేని జడ లేదు. సత్తయ్య ట్రాక్టర్ తెచ్చి నేల చదును చేశాడు. మనోజ్ఞ చీర కుచ్చిళ్లు దోపుకుని, కొత్త గీత ఎక్కడ దాకా రావాలో అడుగులు వేసి చూపించింది. గోల్‌పోస్టును మోసుకెళ్లి అసలు ఉండాల్సిన చోట నాటారు. ఆ చివర నిలబడి స్నిగ్ధ అరిస్తే ఈ చివరి దాకా వినపడింది. చూస్తూ నిలబడ్డ జ్ఞానేశ్వర్‌కు పోయిన పూల మీద బెంగ కలగలేదు. ఇంత మనిషిని స్కూటీ దగ్గర నిలబెట్టి పంపించేద్దామనుకున్నానా అని తన మీద తనకే కోపం వచ్చింది. అక్కడున్న అందరికీ వినపడేలా, "నేను ఉన్నన్ని రోజులు ఈమెనే కోచ్," అని ప్రకటించాడు.

ఆ తరువాతి మ్యాచ్ కూడా చేవెళ్ల ఓడిపోయింది. పెద్ద గ్రౌండు కాళ్లకు అలవాటు కావాలంటే టైమ్ పడుతుందని మనోజ్ఞ చెప్పింది. ఇంటింటా పుట్టింటివాళ్లే కాబట్టి ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయితే పరమేష్ హోటల్లో చాయ్‌కి ఏదో ఒక చర్చ ఉండాలి కదా. ఓడినప్పుడు ఎవరో ఒకరిని తీసేయడం న్యాయమని, మరి కోచ్ కాకపోతే మిగిలింది అధ్యక్షుడే కదా అని ఇప్పుడు అక్కడ గట్టిగా అనుకుంటున్నారు.

అధ్యక్షులకు ఒడి బియ్యం పోసే ఆచారం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు.